ప్రమాదం లేని రోజులు

మా నాన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఆఖరి ఆరేళ్ళు సేఫ్టీ విభాగంలో. రిటైరయ్యాక సెక్టర్ 6లో క్వార్టరు ఖాళీ చేసి కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాం. రిటైరైన మనిషి ఊరికే కూర్చుంటే ఏమవుతాడో ఇరుగుపొరుగును చూసి ఆయనకు బాగా తెలుసు. అందుకని ఇంటి వెనక జాగాలో మొక్కల నర్సరీ పెట్టాడు. టౌన్‌షిప్‌లో కొన్ని బంగళాల తోటలు, ఒక క్లబ్బు లాను, ఒక బడి ఆవరణ చూసే కాంట్రాక్టు సంపాదించాడు. ఇది తొంభైల మధ్యలో మాట. నేను బోటనీ డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. మొక్కల లాటిన్ పేర్లు గడగడా చెప్పగలను గానీ ఒక్క గులాబీ అంటు కట్టడం చేతకాదు. ఏ పనీ సరిగ్గా రానివాళ్ళకు ఇచ్చే ఉద్యోగం సూపర్‌వైజరు కాబట్టి నాన్న నన్ను సూపర్‌వైజర్ని చేశాడు.

నాన్న మిల్లులోంచి బయటికి వచ్చాడు గానీ మిల్లు నాన్నలోంచి బయటికి రాలేదు. పొద్దున్న ఏడింటికి పనివాళ్ళందరినీ నర్సరీ షెడ్డు ముందు వరసగా నిలబెట్టి ఐదు నిమిషాలు సేఫ్టీ పాఠం చెప్పేవాడు. లాను కోసే మిషను దగ్గరికి చెప్పులతో వెళ్ళకూడదు. మందు కొట్టేటప్పుడు గాలి వీపు వైపు ఉండాలి. మందు కలిపిన చేత్తో బీడీ ముట్టకూడదు. కత్తెర నోరు తెరిచి గడ్డిలో పడెయ్యకూడదు. రాళ్ళ గుట్టల్లో, ఆకుల కుప్పల్లో ముందు కర్ర పెట్టి, తరవాత చెయ్యి పెట్టాలి. ఆరుగురు మనుషులకు ఆయన ఆరు వందల మందికి చెప్పినట్టు గొంతెత్తి చెప్పేవాడు. గోడవతల స్కూలుకెళ్ళే పిల్లలు ఆగి చూసి నవ్వుకుని పోయేవాళ్ళు. నాకు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు తలచుకుంటే అవన్నీ మంచి మాటలే. మందు కొట్టి ఇంటికెళ్ళి వాంతులు చేసుకున్న మాలీలు ఆ ఊళ్ళో చాలామంది ఉండేవాళ్ళు. మా దగ్గర ఒక్కరూ లేరు.

షెడ్డు గోడకు నాన్న ఒక బోర్డు కూడా పెట్టించాడు. కర్మాగారంలో ప్రతి విభాగం గుమ్మంలోనూ ఉండేలాంటిదే. ఆకుపచ్చ రేకు మీద తెల్లక్షరాలు, పైన 'ప్రమాదం లేని రోజులు' అని తెలుగులోనూ హిందీలోనూ. కింద సుద్దతో అంకె. రోజూ పొద్దున్న పాత అంకె తుడిచి కొత్తది వెయ్యడం నా పని. గాయం వల్ల ఎవరైనా ఒక్క పూట పని మానితే అంకె మళ్ళీ సున్నా నుంచి మొదలవ్వాలి. ఏడాది నిండితే టౌన్‌షిప్ నుంచి ఒక ఆఫీసరు వచ్చి అందరికీ తలా ఒక స్టీలు టిఫిన్ కేరియరు ఇస్తారు. అదీ కర్మాగారం పద్ధతే. భిలాయిలో ఏ ఇంట చూసినా ఇలా వచ్చిన కేరియరో, ఫ్లాస్కో, గోడ గడియారమో ఒకటి ఉండేది. ఆ ఇంటాయన దాన్ని దేవుడి పటం కంటే జాగ్రత్తగా తుడుచుకునేవాడు.

పనివాళ్ళలో పెద్దాయన మా నాన్నతో పాటు విజయనగరం వైపు ఒకే ఊళ్ళో పుట్టినవాడు. చుట్టరికం ఏమీ లేదు. అయినా ఒకరినొకరు బావా అనుకునేవారు కాబట్టి నాకు మావయ్య. ఇద్దరూ ఒకే రైల్లో వచ్చారట. నాన్నకు కర్మాగారంలో పర్మనెంటు ఉద్యోగం దొరికింది. మావయ్యకు దొరకలేదు. పాతికేళ్ళు కాంట్రాక్టు మాలీగా ఆఫీసుల ముందు మొక్కలు చూసుకుంటూ ఉండిపోయాడు. ఆయన చేతిలో పనితనం ఉంది. గులాబీకి కన్ను అంటు కట్టాలన్నా, ఎండిపోయిందనుకున్న చెట్టులో ప్రాణం ఎక్కడుందో గోటితో గీరి చూడాలన్నా ఆయన తరవాతే ఎవరైనా. కర్మాగారంలో సేఫ్టీ దినం జరిగినప్పుడల్లా వేదిక ముందు పూలకుండీలు పేర్చేది ఆయనే. పేర్చాక షామియానా వెనక నిలబడి చూసేవాడు. పర్మనెంటు వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి చేతులు కలిపి కేరియర్లు తీసుకునేవాళ్ళు. అంతా అయ్యాక కుండీలు మోసుకుపోయేదీ ఆయనే. ఈ సంగతి ఆయన మాకు చెప్పేటప్పుడు ఫిర్యాదులా చెప్పలేదు. మా బోర్డు మీద అంకె రెండొందలు దాటిన దగ్గర్నుంచీ మాత్రం రోజూ పొద్దున్నే నా పక్కకు వచ్చి నిలబడి, సుద్ద సరిగా పడిందో లేదో చూసేవాడు.

నాన్న పొరపాటు చేసింది ఒక్క కళ్ళద్దాల దగ్గరే. కొమ్మలు కత్తిరించేటప్పుడు కంటికి అద్దాలుండాలని పట్టుబట్టి, పవర్ హౌస్ బజారులో పాత సామాన్ల దుకాణంలో అరడజను కొనుక్కొచ్చాడు. గ్యాసుతో ఇనుము కోసేవాళ్ళు పెట్టుకునేవి అవి. ముదురాకుపచ్చ అద్దాలు. నిప్పుల ముందు వాటికి సాటి లేదు. చెట్టు నీడలో పెట్టుకుంటే కొమ్మేదో కత్తెరేదో తెలియదు.

"ఇయి ఎట్టుకుంటే పట్టపగలే సీకటి పడిపోతాది బావా," అన్నాడు మావయ్య.

"అలవాటైపోతుంది. మిల్లులో మేం పెట్టుకోలేదా?" అన్నాడు నాన్న.

మిల్లులో ఎదురుగా ఎర్రగా కాలే ఇనుము ఉంటుందన్న సంగతి నాన్నకు తట్టలేదు. బోటనీ చదివిన నాకూ తట్టలేదు. పనివాళ్ళు ఆ అద్దాలను మెడలో దండలా వేసుకుని పనిచేసేవాళ్ళు. నాన్న లూనా బండి చప్పుడు వినపడగానే అందరూ ఒక్కసారి కళ్ళకు ఎక్కించుకునేవాళ్ళు. నాన్న చూసి సంతోషించి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ అద్దాలు మెడలోకి దిగేవి. ఇదంతా నాకు తెలుసు. నవ్వుకునేదాన్ని.

ఏడాదికి ఇంకా పన్నెండు రోజులున్నాయనగా క్లబ్బు గోడ మీద కాగితంపూల తీగ కత్తిరిస్తున్నారు. చిక్కుపడ్డ కొమ్మొకటి మావయ్య లాగి పట్టుకుని కోశాడు. తెగిన కొమ్మ ఎగిరి వచ్చి ఎడం కంటికి కొట్టింది. నేను అప్పుడు భవనానికి అవతలి వైపు ఉన్నాను. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళి నీళ్ళు కొట్టుకుని, మెడలోని ఆకుపచ్చ అద్దాలు కళ్ళకు పెట్టుకుని, మళ్ళీ నిచ్చెన ఎక్కాడట. ఈ సంగతి నాకు ఐదు రోజుల తరవాత తెలిసింది.

ఆ ఐదు రోజులూ ఆయన అద్దాలు తియ్యలేదు. పొద్దున్న సేఫ్టీ పాఠానికి పెట్టుకునే వచ్చేవాడు, సాయంత్రం పెట్టుకునే వెళ్ళేవాడు. నాన్న ఆనందం చెప్పనక్కర్లేదు. మూడో రోజు ఆయన్ని వరసలోంచి ముందుకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడండి. ఈ వయసులో అలవాటు చేసుకున్నాడు. మీకేం రోగం?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను హాజరు రిజిస్టరులో 'పెద్ద మాలీ ఆదర్శప్రాయంగా రక్షణ సామగ్రి వాడుతున్నారు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. చప్పట్లు కొట్టిన వాళ్ళలో కొందరికి అప్పటికే విషయం తెలుసు.

నాకు చెప్పింది మా దగ్గర పనిచేసే ఛత్తీస్‌గఢీ ఆవిడ. నాకంటే పదేళ్ళు పెద్దదైనా నన్ను దీదీ అనేది. కలుపు తీస్తూ తలెత్తకుండా, "దీదీ, కాకా కీ ఆంఖ్ దేఖీ ఆప్‌నే?" అంది. కాకా అంటే మావయ్య. ఆయన కన్ను చూశారా అని. ఆ అద్దాలు కన్ను కాపాడుకోవడానికి కాదనీ దాచుకోవడానికనీ తన హిందీలో చెప్పింది. చెప్పి, తను చెప్పినట్టు ఎవరికీ తెలియనివ్వొద్దంది. నేను షెడ్డు వెనక్కి వెళ్ళేసరికి మావయ్య అక్కడ అంటు మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు. నీళ్ళు సగం కుండీలోనూ సగం పక్కనా పడుతున్నాయి.

"మావయ్యా, ఓసారి అద్దాలు తియ్యి."

"ఎందుకమ్మా?"

"తియ్యి."

తీశాడు. రెప్ప ఉబ్బింది. కన్ను చింతనిప్పులా ఉంది, ధారగా నీరు కారుతోంది. నల్లగుడ్డు మీద నువ్వుగింజంత తెల్లటి మచ్చ.

"ఏటీ నేదమ్మా, పుల్ల తగిలింది. రెండ్రోజుల్లో మానిపోతాది. బావకి సెప్పకు."

"డాక్టరుకి చూపించాలి."

"సూపిస్తే ఛుట్టీ ఎట్టాల గదా. ఛుట్టీ ఎడితే బోర్డు సున్నా అయిపోతాది. ఏడ్రోజులమ్మా. ఏడ్రోజులు ఓపిక పట్టు. కలుపు తీసే ఆడోళ్ళు కేరియర్ల కోసం కాసుకుని కూకున్నారు. నా మూలాన పోయిందంటే ఆళ్ళకి ఏ మొకం సూపించను?"

తరవాత గొంతు తగ్గించి అన్నాడు. "నానెప్పుడూ ఆ స్టేజీ మెట్టెక్కలేదమ్మా."

నేను ఒప్పుకున్నాను. దయతో ఒప్పుకున్నానని చెప్పుకోవచ్చు. అది పూర్తి నిజం కాదు. అన్ని రోజులూ ఆ అంకె వేసింది నేను. ఆఫీసరు వచ్చినప్పుడు చదవడానికి హిందీలో స్వాగతం రాసి అద్దం ముందు నాలుగుసార్లు చదువుకున్నాను. మూడు వందల యాభై ఎనిమిదిని నా చేత్తో చెరిపి సున్నా వెయ్యడం నాకూ ఇష్టం లేదు. అది తప్పని ఆ నిమిషంలోనే తెలుసు. తెలిసే చేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. అంతకు ముందు నెల నాకు కళ్ళకలక వచ్చి తగ్గింది. మందుల దుకాణం అతను ఇచ్చిన చుక్కల సీసా సగం మిగిలింది. రెండు రోజుల్లో నా కళ్ళు తెల్లబడ్డాయి కదా అని ఆ సీసా తెచ్చి మావయ్యకు ఇచ్చాను. రోజుకు నాలుగుసార్లు వెయ్యమన్నాను. రెండో రోజు ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నీ మందు బాగా పనిచేసిందమ్మా. ఎరుపు తగ్గిపోనాది, సలుపు తగ్గిపోనాది."

నాకు గర్వంగా అనిపించింది. ఆ తరవాత మూడు రోజులూ అడిగినప్పుడల్లా బాగుందనే చెప్పాడు. అన్నం తినేటప్పుడు గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఒకసారి గేటు స్తంభానికి భుజం కొట్టుకున్నాడు. అద్దాలు తియ్యమని నేను మళ్ళీ అడగలేదు. అడిగితే చూడాల్సి వస్తుంది.

ఏడాది నిండిన రోజు నర్సరీలో చిన్న షామియానా వేశాం. వేదిక అంటే రెండు చెక్క బల్లలు కలిపి, పైన జంపఖానా పరిచి, ఎక్కడానికి ఒక మెట్టు. పూలకుండీలు మమ్మల్నే పేర్చమన్నాడు నాన్న. "ఇవాళ బావ కుండీ ముట్టకూడదు," అన్నాడు. మావయ్య ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చాడు. అత్త కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆఫీసరు వచ్చాడు. నేను స్వాగతం తడబడకుండా చదివాను. ముందు మావయ్యనే పిలిచారు. మెట్టు ఎక్కబోయి అడుగు తప్పి, నా మోచెయ్యి పట్టుకుని ఎక్కాడు. ఆయన చేతి వేడి చొక్కా మీంచి తగిలింది. జ్వరం ఉంది.

ఆఫీసరు కేరియరు చేతికి అందించాడు. ఇద్దరూ దాన్ని చెరో పక్కా పట్టుకుని ఫోటో కోసం నిలబడ్డారు.

"చష్మా ఉతార్ దీజియే, కాకా," అన్నాడు ఫోటోగ్రాఫరు.

మావయ్య తియ్యలేదు. నాన్న పెద్దగా నవ్వి, "ఈయన నిద్రలో కూడా తీసేలా లేడండీ," అంటూ తనే వెళ్ళి అద్దాలను నుదుటి మీదికి జరిపాడు.

నువ్వుగింజ పెరిగి నల్లగుడ్డంతా కప్పేసింది. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే ఉండే రంగు. అడుగున పసుపుపచ్చగా చీము గీత. అత్త లేచి నిలబడింది. నాన్న ముప్పై ఏళ్ళలో కాలిన చేతులు, నలిగిన కాళ్ళు చాలా చూసినవాడు. ఒక్క చూపు చాలింది ఆయనకు.

"ఎన్నాళ్ళైంది?"

"పన్నెండు రోజులు బావా."

నాన్న కేరియరు ఆయన చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టి, ఆటో పిలవమన్నాడు. అందులో బస్సు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నలుగురం రాయ్‌పూర్ కంటి ఆసుపత్రికి వెళ్ళాం. మావయ్య దారి పొడుగునా నాన్నను సముదాయిస్తూనే ఉన్నాడు. ఆడవాళ్ళకు కేరియర్లు అందాయో లేదో ఒకసారి అడిగాడు.

డాక్టరమ్మ చాలాసేపు లైటు వేసి చూసింది. ఏం మందు వేశారని అడిగింది. మావయ్య జేబులోంచి సీసా తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చదివింది. మొక్క గుచ్చుకుంటే కంట్లో బూజు పడుతుందనీ, అలాంటి కంట్లో ఈ మందు వేస్తే బూజు ఇంకా వేగంగా పెరుగుతుందనీ, ఎరుపు తగ్గేది పైపైకేననీ హిందీలో చెప్పింది. మొదట్లోనే ఈ మందు లేకుండా వచ్చి ఉంటే చూపు దక్కేదేమో అంది. ఇప్పుడు గుడ్డు మిగిల్తే అదే పదివేలు.

"ఎవరిచ్చారు ఇది?"

"దుకాన్ సే లియా, డాక్టర్ సాబ్," అన్నాడు మావయ్య. దుకాణంలో తనే కొన్నానని. నా వైపు కనీసం చూడలేదు.

"నీకు బుద్ధుందా బావా? వయసొచ్చింది ఎందుకు?" అని నాన్న అందరి ముందూ అరిచాడు. మావయ్య తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు. గోడ మీద అక్షరాల పటం వేలాడుతోంది. నేను దాన్ని చదువుతూ నిలబడ్డాను. కింది వరస దాకా తేటగా కనిపించింది.

మావయ్యను చేర్చుకున్నారు. అత్త తోడు ఉండిపోయింది. నేనూ నాన్నా తిరుగు బస్సెక్కాం. కుమ్హారిలో బస్సు ఆగినప్పుడు, కండక్టరు కిందికి దిగి టీ తాగుతుండగా, నేను చెప్పాను. ఏడు రోజుల నుంచీ తెలుసనీ, ఆ మందు నేనే ఇచ్చాననీ. ఏడుపు రాలేదు. నన్ను కొట్టినా బాగుండుననిపించింది.

నాన్న కొట్టలేదు. ప్రమాదం జరిగితే ఎందుకు ఎందుకు అని అడుగుతూ మొదలు దాకా వెళ్ళాలన్నది ఆయన సేఫ్టీ విభాగంలో నేర్చుకున్న పద్ధతి. అదే పద్ధతిలో మెల్లగా అడిగాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే అంకె సున్నా అవుతుందని."

"అద్దాలు కళ్ళకి ఎందుకు పెట్టుకోలేదు?"

"వాటిలోంచి ఏమీ కనిపించదు నాన్నా. ఎవరికీ కనిపించదు. నువ్వు వస్తేనే పెట్టుకుంటారు."

ఆ తరవాత ఎందుకు అని ఆయన అడగలేదు. మర్నాడు తనే స్క్రూలు విప్పి బోర్డు కిందికి దింపాడు. రాయ్‌పూర్ నుంచి తెల్లద్దాల కళ్ళజోళ్ళు తెప్పించాడు. ప్రమాదాల రిజిస్టరులో మొదటి పేజీ అప్పటిదాకా ఖాళీగానే ఉంది. అందులో కారణం అన్నచోట 'పనికి పనికిరాని అద్దాలు ఇవ్వడం, గాయం చెప్పుకోలేని పరిస్థితి కల్పించడం' అని రాసి సంతకం పెట్టాడు. నా మాట లేదేమని అడిగితే, "నీది నువ్వు రాసుకో," అని కలం ఇచ్చాడు. రాశాను. ఈసారి అక్షరాలు అంత బాగా రాలేదు.

మావయ్య చూపు రాలేదు. రెండు నెలల తరవాత పనిలోకి వచ్చాడు. నీడన కూర్చుని అంట్లు కట్టుకోమన్నాడు నాన్న. "కూకుంటే కుళ్ళిపోతాను బావా," అని కత్తెర పట్టుకుని బడి ముందు గోరింట కంచె దగ్గరికి వెళ్ళాడు. తెల్లద్దాలు పెట్టుకున్నాడు. వాటి వెనక ఎడం కన్ను పాలరాయిలా ఉంది. నాలుగు కొమ్మలు కోసి ఆగి, నన్ను పిలిచాడు.

"ఇలా ఈ పక్క నిలబడమ్మా. ఎడం పక్క నాకేటీ అగుపడదు. మనిషొచ్చినా కొమ్మొచ్చినా నువ్వే సెప్పాల."

నేను వెళ్ళి నిలబడ్డాను. ఆయన కత్తెర ఎత్తి, మళ్ళీ దించాడు.

"నాను సెప్పొద్దన్నా సెప్పాల."

నేను తలూపాను. నిలబడింది ఎడం పక్క కాబట్టి అది ఆయనకు కనిపించలేదు. ఇంకా ఎదురుచూస్తున్నాడు. అప్పుడు నోరు తెరిచి, "చెప్తాను మావయ్యా," అన్నాను.